పాత బుల్లెట్ ముందు బ్రేకు: డిస్క్ కొనే ముందు డ్రమ్ము లెక్క తేలాలి

పాత బండి చేతికొచ్చాక అందరూ ముందు ఇంజిను విప్పిస్తారు, తర్వాత పెయింటు, ఆ తర్వాత క్రోము. బ్రేకు వంతు చివరికి వస్తుంది. అప్పటికి డబ్బులూ అయిపోతాయి, ఓపికా అయిపోతుంది. అందుకే హైదరాబాదులో ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఒకటే మాట వినిపిస్తుంది: "డ్రమ్ము ఎందుకన్నా, డిస్క్ కొట్టించెయ్." పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో అరపూటలో సామాను దొరుకుతుంది, సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది.

ఆ సలహా పూర్తిగా తప్పు కాదు. కానీ మన దగ్గర తిరిగే పాత బుల్లెట్లు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు సరిగ్గా ఆగకపోవడానికి ఎక్కువసార్లు కారణం వాటికి డ్రమ్ము (చక్రంతో పాటే తిరిగే గుండ్రటి బ్రేకు గిన్నె) ఉండటం కాదు. ఆ డ్రమ్ము గుండ్రంగా లేదు, షూ (డ్రమ్ముకు లోపలి నుంచి ఆని ఆపే వంపు ముక్క) దానికి పూర్తిగా ఆనడం లేదు, చేతి బలం దారిలోనే పోతోంది. ఈ మూడూ సరిచేస్తే చాలా బళ్లకు ఇంకేమీ అక్కర్లేదు. సరిచేశాక కూడా చాలకపోతే డిస్క్ వేయవచ్చు. అప్పుడు ముందు భాగం మొత్తం మార్చాలి. చక్రం ఒక బండిది, ఫోర్కు ఒక బండిది, మధ్యలో వెల్డింగ్ చేసిన ముక్క ఒకటి అన్న పద్ధతి మాత్రం ఉన్న డ్రమ్ము కన్నా ప్రమాదం.

ముందు ఎంత బ్రేకు కావాలి?

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. బ్రేకు నీరసంగా ఉండి వేగం 0.4 జీ (జీ అంటే కిందపడే వస్తువు వేగం పెరిగే రేటు) చొప్పునే తగ్గితే బండి ఆగడానికి 35 మీటర్లు పడుతుంది. 0.7 జీ దొరికితే 20 మీటర్లలో ఆగుతుంది. మధ్యలో ఉన్న 15 మీటర్లు ఒక ఆర్టీసీ బస్సు పొడుగు కన్నా ఎక్కువ. బ్రేకు పట్టుకున్న క్షణం నుంచి లెక్క ఇది. చెయ్యి లివర్ మీదికి వెళ్లేలోపు పోయే దూరం వేరు.

బ్రేకు పట్టగానే బరువు ముందుకు వాలుతుంది. బుల్లెట్ ఒక 165 కిలోలు, నడిపే మనిషి 75 కిలోలు, మొత్తం 240 అనుకుందాం. రెండు చక్రాల మధ్య దూరం 1370 మి.మీ., బరువు కేంద్రం నేలకు సుమారు 650 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, 0.6 జీతో బ్రేకు పడినప్పుడు దాదాపు 68 కిలోలు వెనక చక్రం మీంచి ముందు చక్రం మీదికి మారతాయి. నిలబడి ఉన్నప్పుడు ముందు 110, వెనక 130 ఉన్న బరువు కాస్తా 178, 62 అవుతుంది. అంటే ఆపే పనిలో నాలుగింట మూడు వంతులు ముందు చక్రానివే. వెనక బ్రేకు ఎంత బాగున్నా టైరు జారిపోవడమే తప్ప బండి ఆగదు. "వెనక బ్రేకు గట్టిగా ఉంది, చాలు" అనుకునేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూసుకోవాలి.

దీనికి ముందే ఇంకో మాట. ముందు టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. పైన గాడి ఎంత లోతుగా ఉన్నా రబ్బరు రాయిలా బిగిసిన టైరు మీద ఏ బ్రేకూ పనిచేయదు. బ్రేకు పెంచితే ఆ టైరు ముందే జారుతుంది. కాబట్టి ఖర్చు టైరు దగ్గర మొదలుపెట్టాలి. ఫోర్కు స్ప్రింగులు నీరసించి ఉన్నా, ఆయిల్ కారుతున్నా, కోన్ సెట్టులో (హ్యాండిల్ తిరిగే బేరింగులో) లూజు ఉన్నా అవి కూడా ముందే చూసుకోవాలి.

డ్రమ్ములో జరిగేది

డ్రమ్ములో రెండు షూలుంటాయి. ఒక చివర పివోట్ (షూ తిరిగే కీలు), రెండో చివర కామ్ (తిరిగి షూలను తెరిచే ముక్క). చక్రం తిరిగే దిశలో కామ్ నుంచి పివోట్ వైపుకి సాగే షూని డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది. మనం నొక్కిన దానికన్నా ఎక్కువ బలంతో అది అంటుకుంటుంది. దీన్ని లీడింగ్ షూ అంటారు. రెండోదాన్ని డ్రమ్ము వెనక్కి నెట్టేస్తూ ఉంటుంది. అది ట్రైలింగ్ షూ. ఇలా ఒక్క కామ్‌తో రెండు షూలూ తెరుచుకునేది సింగిల్ లీడింగ్ బ్రేకు. జావా, యెజ్డీ బళ్లలో 160 మి.మీ. డ్రమ్ము ఇలాంటిదే. ఆర్‌ఎక్స్ 100లో ముందుది 130 మి.మీ. మాత్రమే.

ఈ రకంలో ఒక చిక్కు ఉంది, చాలామంది గమనించరు. కామ్ రెండు షూలనూ ఒకే దూరం నెడుతుంది, ఒకే బలంతో కాదు. కొత్త లైనర్ (షూ మీది ఘర్షణ పట్టీ) వేసిన రోజుల్లో లీడింగ్ షూ ఎక్కువ పని చేస్తుంది, బ్రేకు అద్భుతంగా ఉందనిపిస్తుంది. ఎక్కువ పని చేసేది ఎక్కువ అరుగుతుంది. అరిగిన కొద్దీ కామ్ బలం ట్రైలింగ్ షూ మీదికి మళ్లుతుంది. చివరికి రెండూ సమానంగా అరిగే చోట కుదురుకుంటాయి, అప్పటికి మీ చేతి బలంలో పెద్ద వాటా పనికిరాని షూకే పోతూ ఉంటుంది. "కొత్తలో బాగుండేది, ఇప్పుడు మళ్లీ అదే కథ" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. లైనర్ నాణ్యతను తిట్టుకుని లాభం లేదు.

ట్విన్ లీడింగ్ బ్రేకులో ఒక్కో షూకి ఒక్కో కామ్ ఉంటుంది. రెండూ లీడింగే. బయట రెండు ఆర్ములు, వాటిని కలిపే ఒక రాడ్డు కనిపిస్తాయి. తర్వాతి బుల్లెట్ల 7 అంగుళాల ముందు డ్రమ్ము ఇదే. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350దీ ఇదే. దాని జపాన్ మూలమైన యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్క్ ఉండేది, ఇక్కడ అమ్మిన బండికి డ్రమ్ము ఇచ్చారు.

ట్విన్ లీడింగ్‌కి రెండు లోపాలున్నాయి. బండి వెనక్కి జారుతుంటే రెండు షూలూ ట్రైలింగ్ అయిపోతాయి, పట్టు సగానికన్నా తక్కువకు పడిపోతుంది. బంజారాహిల్స్ ఎత్తుల్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుని నిలబడాలనుకుంటే బండి వెనక్కి దొర్లుతుంది. అక్కడ వెనక బ్రేకే దిక్కు. రెండోది, లైనర్ ఘర్షణ కొంచెం మారినా బ్రేకు పట్టు చాలా మారుతుంది. వానలో తడిసిన డ్రమ్ము మొదట అస్సలు పట్టదు, ఆరుతున్నప్పుడు ఒక్కసారిగా కరుస్తుంది. షూలు బిగించి ఉండే ప్లేటు మీద గాలి కోసం తెరిచిన మూతి ఉంటే జూన్ నుంచి అక్టోబరు దాకా దాన్ని మూసి ఉంచడం మంచిది.

డ్రమ్ముని గుండ్రంగా చేయించడం

లివర్ మీద చక్రం తిరుగుడుతో పాటే దడదడ తెలుస్తుంటే డ్రమ్ము ఓవల్ అయిందన్నమాట. దీనికి అరుగుదల ఒక్కటే కారణం కాదు. స్పోకులు హబ్బుని (డ్రమ్ము ఉండే చక్రం నడుమ భాగాన్ని) అన్ని వైపులకూ లాగి ఉంచుతాయి. ఒకవైపు స్పోకు ఎక్కువ బిగువుగా ఉంటే హబ్బే వంగుతుంది. అందుకే వరస మారకూడదు: ముందు కొత్త బేరింగులు, తర్వాత స్పోకులు కట్టి రిమ్ము అవుట్ (వంకర) తీయడం, ఆ తర్వాతే డ్రమ్ము టర్నింగ్ (లేతు మీద తిప్పుతూ లోపలి ముఖాన్ని కోయడం). డ్రమ్ముని ముందే లేతు మీద పెట్టి, తర్వాత స్పోకులు బిగిస్తే చేసిన పని వృథా.

అంటే రిమ్ముతో సహా చక్రం లేతు మీద తిరగాలి. 19 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకి 510 మి.మీ. పైనే ఉంటుంది. వీధి చివర లేతుల్లో చాలావాటికి అంత జాగా ఉండదు. గ్యాప్ బెడ్ ఉన్న పెద్ద లేతు కావాలి. అలాంటివి బాలానగర్, జీడిమెట్ల వైపు వెతకాలి. టర్నర్‌తో చెప్పాల్సినవి కొన్ని. చక్రాన్ని రిమ్ము పట్టుకుని బిగించకూడదు, సొంత బేరింగుల మీద, సొంత స్పిండిల్‌తో (ఇరుసుతో) సెంటర్ల మధ్య నిలపాలి. వేగం తక్కువ ఉండాలి, ఎందుకంటే చక్రం బ్యాలెన్సు కాదు, వేగం పెరిగితే టూలు అలలు గీస్తుంది. ఒక్కో కోతకు 0.1 మి.మీ. మించకుండా, మచ్చలు పోయేదాకే తీయాలి. పని అయ్యాక డయల్ గేజ్ పెట్టి చూస్తే తేడా 0.05 మి.మీ. లోపు ఉండాలి. 0.1 దాటితే చేతికి తెలుస్తుంది. డ్రమ్ము వ్యాసానికి కంపెనీ ఇచ్చిన గరిష్ఠ కొలత హబ్బు మీదనో మాన్యువల్లోనో ఉంటుంది. అది దాటిన డ్రమ్ము ఇంకో హబ్బు వెతుక్కోమని చెప్పినట్టే.

షూ ఆనడం

డ్రమ్ము పెద్దదయ్యాక మామూలు లైనర్ దానికి సరిపోదు. లైనర్ వంపు చిన్నది, డ్రమ్ము వంపు పెద్దది. మధ్యలో ఒక పట్టీ మాత్రమే తగులుతుంది. బ్రేకు నొక్కినప్పుడు షూ వంగి మిగతా భాగాన్ని ఆనించడానికి చూస్తుంది, ఆ వంగడమే లివర్‌లో స్పాంజిలా తెలుస్తుంది. హైడ్రాలిక్ బ్రేకులో గాలి చేరినట్టు డ్రమ్ము బ్రేకూ మెత్తగా అనిపించడానికి కారణం ఇదే.

కాబట్టి మందమైన లైనర్ అతికించి, డ్రమ్ముకు సరిపోయేలా తిప్పించాలి. షూలను ప్లేటు మీదే, స్ప్రింగులతో సహా బిగించి, కామ్‌కీ షూకీ మధ్య 0.5 మి.మీ. షిమ్ము రేకు పెట్టి, టర్నింగ్ అయిన డ్రమ్ము వ్యాసం కన్నా 0.2 మి.మీ. తక్కువకు లైనర్‌ను తిప్పాలి. తర్వాత రేకులు తీసేస్తే బ్రేకు వదిలినప్పుడు షూలకు ఖాళీ దొరుకుతుంది, నొక్కినప్పుడు దాదాపు పూర్తిగా ఆనుతాయి. లీడింగ్ అంచు దగ్గర 8 నుంచి 10 మి.మీ. మేర ఏటవాలుగా చాంఫర్ కొట్టాలి. లేకపోతే ఆ అంచే ముందు డ్రమ్ములో కొరుక్కుని బ్రేకు కుదుపుతో పడుతుంది, కీచుమంటుంది.

ఆనిందో లేదో చూడటానికి లైనర్ మీద చాక్‌పీసు రుద్ది, చక్రం ఎక్కించి, చేత్తో తిప్పుతూ రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు పట్టి విప్పి చూడండి. సున్నం చెరిగిన చోటే తగులుతోంది. మూడింట రెండు వంతులు చెరిగితే రోడ్డు మీద మిగతాది కుదురుకుంటుంది. ఒక పక్క అంచు మాత్రమే చెరిగితే ప్లేటు వంగిందనో, షూ మెలితిరిగిందనో అర్థం.

ఒక జాగ్రత్త. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ము తెరవగానే కంప్రెసర్ గాలితో ఊదడం మన వర్క్‌షాపుల్లో అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. లైనర్‌ను తిప్పే చోట కూడా మాస్కు తప్పనిసరి.

లైనర్ మీద గ్రీజు మరక కనిపిస్తే పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తుంటారు. లోపలికి ఇంకిన గ్రీజు వేడికి మళ్లీ బయటికి వస్తుంది. ఆ లైనర్ పనికిరాదు. గ్రీజు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి, చాలాసార్లు హబ్బు ఆయిల్ సీలే పోయి ఉంటుంది.

చేతి నుంచి కామ్ దాకా

ఇక్కడ తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం దొరుకుతుంది. చౌక కేబుల్‌లో ఔటర్ (వైరు పై గొట్టం) నొక్కుకుపోతుంది. మీరు లాగినదంతా ఔటర్ కుంచించుకోవడంలోనే ఖర్చవుతుంది. లోపలి వైరు కనీసం 2 మి.మీ. మందంగా, ఔటర్ గట్టి చుట్టుతో ఉన్నది వేయండి. దారిలో మెలికలు తగ్గించండి. ఇంకొకరిని గట్టిగా బ్రేకు పట్టమని చెప్పి, మీరు ఔటర్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడండి. ఎక్కడ వంగి లేస్తోందో కంటికే కనిపిస్తుంది.

కామ్ ఆర్ముకీ కేబుల్‌కీ మధ్య కోణం ముఖ్యం. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు అది 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. లైనర్ అరిగి, అడ్జస్టర్ తిప్పుతూ తిప్పుతూ ఆర్ము ముందుకు వాలిపోయిన బండిలో కోణం 120 దాకా పోతుంది. అప్పుడు లాగిన బలంలో 13 శాతానికి పైగా ఊరికే పోతుంది. ఆర్మును కామ్ స్ప్లైన్ (ఇరుసు మీది పళ్లు) మీద ఒక పన్ను వెనక్కి వేస్తే కోణం సర్దుకుంటుంది, కానీ లైనర్ పూర్తిగా అరిగిందన్న సంగతి దాచడానికి ఇది వాడకూడదు. ముందు మందం చూసి, తర్వాతే పన్ను మార్చాలి.

హ్యాండిల్ మీది లివర్‌లో పివోట్ నుంచి కేబుల్ నిప్పిల్ (వైరు చివరి గుండు) దాకా ఉండే దూరం కూడా తేడా చేస్తుంది. పాత బ్రిటిష్ తరహా లివర్లు 22, 27 మి.మీ. అనే రెండు కొలతల్లో వస్తాయి. 27 ఉన్న చోట 22ది వేస్తే అదే చేతి బలానికి కేబుల్ మీద లాగుడు ఐదో వంతు పెరుగుతుంది, లాగే దూరం ఆ మేరకు తగ్గుతుంది. షూలు సరిగ్గా ఆనని బ్రేకుకి ఈ లివర్ వేస్తే అది గ్రిప్పుకి తగిలిపోతుంది. అందుకే ఇది చివరి పని.

చక్రం ఎక్కించేటప్పుడు స్పిండిల్ నట్టు వదులుగా ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టి, అలా పట్టి ఉంచుతూనే నట్టు బిగించాలి. షూలు డ్రమ్ములో మధ్యకు వస్తాయి. నిమిషం పని, చాలామంది చేయరు.

ట్విన్ లీడింగ్ ప్లేటుకు మారడం

మీ బుల్లెట్‌కి 7 అంగుళాల సింగిల్ లీడింగ్ ఉంటే, డిస్క్ కన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే. హబ్బు అదే, చక్రం అదే, బండి రూపం మారదు. షూ వెడల్పు, ప్లేటు లోతు, స్పిండిల్ మందం, స్పీడోమీటర్ డ్రైవ్ చోటు కొలిచి సరిపోతేనే తీసుకోండి. పాత ప్లేటు కొంటే కామ్ బుష్‌లలో ఊగుడు చూడండి. ఊగితే కంచు బుష్ తిప్పించి వేయాలి.

ఈ బ్రేకు పనిచేయడం లేదని తిట్టే బళ్లలో చాలావాటికి జబ్బు లింకు రాడ్డు పొడవులోనే ఉంటుంది. ఒక షూ ముందు తగిలి, రెండోది ఖాళీగా ఉంటే మీ దగ్గరున్నది సగం బ్రేకు. రాడ్డు ఒక చివర పిన్ను తీసేయండి. ఒక్కో ఆర్మును విడిగా చేత్తో తిప్పి షూ డ్రమ్ముకు తగిలే చోట ఆపండి. రెండూ అలా తగిలి ఉన్నప్పుడు పిన్ను ఏ బలవంతం లేకుండా రాడ్డు రంధ్రంలోకి జారిపోవాలి. జారేదాకా రాడ్డు పొడవు మార్చి, లాక్ నట్టు బిగించండి. తర్వాతే కేబుల్ తగిలించి, లివర్ చివర 10–15 మి.మీ. ఖాళీ ఉంచండి. కేబుల్ అడ్జస్టర్‌తో ఈ పని కాదు. అది రెండు షూలనూ కలిపి జరుపుతుంది, వాటి మధ్య తేడాను దిద్దదు.

ప్లేటును ఆపే చోటు

బ్రేకు పట్టినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా ఫోర్కు మీది ఒక కొమ్మో, ఒక స్టే రాడ్డో ఆపుతుంది. 0.6 జీ బ్రేకులో ముందు టైరు దగ్గర సుమారు 1060 న్యూటన్ల బలం పుడుతుంది. టైరు వ్యాసార్ధం 320 మి.మీ. ఆపే చోటు స్పిండిల్ నుంచి 75 మి.మీ. దూరంలో ఉంటే అక్కడ పడేది 4500 న్యూటన్లు, అంటే 460 కిలోల తోపుడు. బ్రేకు బాగుపడిన కొద్దీ ఇది పెరుగుతుంది. ఈ చోట అరిగిన గాడి, వదులైన బోల్టు, చౌక నట్టు ఉంటే ప్లేటు తిరిగిపోతుంది, కేబుల్ దాని చుట్టూ చుట్టుకుంటుంది, నడుస్తున్న చక్రం బిగుసుకుంటుంది. మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. కనీసం 8.8 గ్రేడు బోల్టు, నైలాక్ నట్టు లేదా కాటర్ పిన్ను పెట్టండి. రంగు వేసేటప్పుడు ఈ గాడిలో పుట్టీ నింపిన బళ్లు కూడా కనిపిస్తాయి, అది గీకేయాలి.

డిస్క్ ఎప్పుడు, ఎలా

డ్రమ్ముకు నిజమైన హద్దు వేడి. 60 నుంచి ఒకసారి ఆగితే 240 కిలోల బండి 33 కిలోజౌళ్ల వేడి పుట్టిస్తుంది, 80 నుంచి అయితే 59. ఊళ్లో ఇది లెక్కలోకి రాదు. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు వస్తుంది. ప్రతి 100 మీటర్ల ఎత్తు దిగడానికి 235 కిలోజౌళ్లు, అంటే 60 నుంచి ఏడుసార్లు ఆగినంత. ఇంజిను, గాలి కొంత మోస్తాయి, మిగతాది డ్రమ్ముకే. 178 మి.మీ. ఇనుప డ్రమ్ము 150 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం దాదాపు 0.3 మి.మీ. పెరిగి షూల నుంచి దూరం జరుగుతుంది. అదే సమయానికి లైనర్ ఘర్షణా పడిపోతుంది. లివర్ గ్రిప్పు దాకా వచ్చేస్తుంది. డిస్క్ వేడికి మందమయ్యి ప్యాడ్ల వైపే జరుగుతుంది, పైగా గాలిలో తెరుచుకుని ఉంటుంది. ఘాట్‌లు ఎక్కువ తిరిగేవాళ్లకు, వెనక మనిషీ సామానూ పెట్టుకుని హైవే వెళ్లేవాళ్లకు డిస్క్ అర్థవంతం. ట్యాంక్‌బండ్ చుట్టూ ఆదివారం తిప్పే బండికి అది అలంకారమే.

వేయాలనుకుంటే ఫోర్కు బాటమ్‌లు (కింది భాగాలు), చక్రం, స్పిండిల్, క్యాలిపర్ (డిస్క్‌ను ప్యాడ్లతో పట్టే భాగం), మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఆయిల్‌ను నెట్టే భాగం) ఒకే బండివి తీసుకోవడం మంచిది. బుల్లెట్‌కి తర్వాతి ఎలక్ట్రా, థండర్‌బర్డ్, 2021కి ముందటి క్లాసిక్ 350 బళ్ల 280 మి.మీ. డిస్క్ సెట్టు సహజమైన ఎంపిక. పాత ఫోర్కు రాడ్డు మందం, పొడవు, టీ (రెండు ఫోర్కు రాడ్లనూ కలిపి పట్టే ముక్క) బిగింపు దూరం కొలిచి పోల్చుకోండి. కొత్త ఫోర్కు 20 మి.మీ. పొట్టిదైనా హ్యాండిల్ నడవడి మారుతుంది. స్పీడోమీటర్ డ్రైవ్ పాత ప్లేటులో ఉంటే దానికి వేరే దారి చూడాలి.

చేయకూడని పని ఒకటుంది, ఊళ్లో అదే ఎక్కువ జరుగుతుంది: పాత అల్యూమినియం ఫోర్కు బాటమ్‌కి క్యాలిపర్ చెవులు వెల్డింగ్ పెట్టడం. వెల్డింగ్ వేడికి చుట్టూ ఉన్న అల్యూమినియం బలం పోతుంది, ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది. 120 మి.మీ. వ్యాసార్ధం దగ్గర క్యాలిపర్ మీద పడే బలం 290 కిలోల దాకా ఉంటుంది, అదీ ప్రతి బ్రేకుకీ. రంగు కింద పగులు కనపడదు. పైగా ఒకవైపు క్యాలిపర్ వల్ల ఫోర్కు మెలిపడుతుంది. సన్న స్పిండిల్, సన్న రాడ్లు ఉన్న పాత ఫోర్కుతో గట్టిగా బ్రేకు పడితే బండి ఒక పక్కకు లాగుతుంది.

మాస్టర్ సిలిండర్ ఎంపికలో తప్పులు చాలా. "పెద్ద మాస్టర్ వేస్తే పెద్ద బ్రేకు" అనుకుంటారు, నిజం తలకిందులు. 28 మి.మీ. పిస్టన్లు రెండున్న క్యాలిపర్ వైశాల్యం 1231 చదరపు మి.మీ. దానికి 12.7 మి.మీ. మాస్టర్ (వైశాల్యం 127) వేస్తే బలం 9.7 రెట్లు, 11 మి.మీ.ది వేస్తే 13 రెట్లు, 16 మి.మీ.ది వేస్తే 6 రెట్లే. పెద్దది వేస్తే లివర్ రాయిలా గట్టిగా ఉంటుంది, చూసినవాళ్లు "ఏం బ్రేకు!" అంటారు, బండి మాత్రం ఆగదు. మరీ చిన్నది వేస్తే లివర్ గ్రిప్పుకి తగులుతుంది. క్యాలిపర్‌తో వచ్చిన మాస్టరే వాడితే ఈ తలనొప్పి ఉండదు.

బాంజో బోల్టుల్లో (ఆయిల్ పైపును బిగించే బోలు బోల్టుల్లో) ఎం10 మందానికే 1.0, 1.25 అని రెండు పిచ్‌లున్నాయి (పిచ్ అంటే మరల మధ్య దూరం). తప్పుది రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే క్యాలిపర్ మరలు పోతాయి. పిచ్ గేజ్ పెట్టి చూడండి. బాంజోకి రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు, ప్రతిసారీ. డిస్క్ ఒంపు 0.1 మి.మీ. లోపు ఉండాలి. పాత డిస్క్ కొంటే దాని మీద చెక్కిన కనీస మందంతో పోల్చాలి.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 వాడండి. కొత్తదాని మరుగు కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155కి దిగుతుంది. మన వానాకాలాల్ని బట్టి రెండేళ్లకోసారి మార్చాలి. సిలికోన్‌తో చేసే డాట్ 5 దీనితో కలవకూడదు. సీళ్లను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగితే ఉబ్బిపోతాయి, బ్రేకు వదలడం మానేస్తుంది. కడగడానికి కొత్త బ్రేక్ ఆయిలే వాడాలి. ఒక్క చుక్క ట్యాంకు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి. గాలి తీసేటప్పుడు ఎంతకీ లివర్ బిగుసుకోకపోతే, రాత్రంతా లివర్‌ను తాడుతో గ్రిప్పుకి కట్టి ఉంచి పొద్దున మళ్లీ తీయండి, పైపులో ఇరుక్కున్న చిన్న బుడగలు పైకి వచ్చేస్తాయి.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు ఏదైనా బీమా సంస్థకు రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. బండి 50 ఏళ్లు దాటినదైతే ఇంకో కోణం ఉంది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల కింద, అసలు రూపంలో ఉన్న అలాంటి బండికి "వీఏ" అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, రోజువారీ వాడకానికి వీల్లేదు. ఆ నంబరు మీద కన్నుంటే డ్రమ్మునే బాగుచేసుకోండి. డిస్క్ వేసినా పాత చక్రం, ఫోర్కు, ప్లేటు అమ్మేయకండి. మళ్లీ కొనాలంటే దొరకవు, దొరికినా జత కుదరదు.

కుదురుకునేదాకా

కొత్త లైనర్ గానీ ప్యాడ్ గానీ మొదటి రోజే గట్టిగా నొక్కితే పైపొర మాడి అద్దంలా మెరుస్తుంది, ఆ తర్వాత అది పట్టదు. ఖాళీ రోడ్డు మీద 40 వేగం నుంచి 10కి దింపుతూ ముప్పై నలభైసార్లు, మధ్యలో కాస్త చల్లారనిస్తూ బ్రేకు పట్టాలి. పూర్తిగా ఆపి లివర్ పట్టుకుని నిలబడొద్దు. ఆ తర్వాత హబ్బుని చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే సరే. బ్రేకు వాడకుండా ఒక కిలోమీటరు నడిపాక కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే షూ విడవడం లేదు, స్ప్రింగు నీరసమో కామ్ బిగుతో చూడాలి.

వంద కిలోమీటర్లకు లివర్ ఖాళీ, లింకు రాడ్డు లాక్ నట్టు, స్పోకుల బిగువు, ప్లేటును ఆపే బోల్టు మళ్లీ చూడాలి. డిస్క్ అయితే క్యాలిపర్ బోల్టులు, బాంజోల దగ్గర తడి. రెండు బ్రేకులకూ ఒక పరీక్ష: సమతలం మీద 30 వేగంలో హ్యాండిల్ మీద చెయ్యి తేలిగ్గా ఉంచి ముందు బ్రేకు ఒక్కటే మెల్లగా పెంచుతూ పట్టండి. బండి నిటారుగా ఆగాలి. ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే స్పిండిల్ బిగింపు వదులు చేసి, ఫోర్కును నాలుగైదుసార్లు కిందికీ పైకీ నొక్కి, మళ్లీ బిగించండి. అప్పటికీ లాగితే చక్రం మధ్యలో లేదు. రిమ్ముని రెండు ఫోర్కు కాళ్ల నుంచీ స్కేలుతో కొలిచి, స్పోకులు కట్టినవాడి దగ్గరికే తిరిగి తీసుకెళ్లాలి.